నిశ్శబ్దమైన దారుల ట్రాక్ ఫైళ్లు అందరికీ పెట్టాలా, దాచుకోవాలా?

కొత్తపెడల్:
పల్లెల మధ్య నుంచి అడవి గుట్టల మీదికి ఎక్కే ఒక సైకిలు దారి ఫొటోలు ఇక్కడే చూశాను. దారిని ఫోనులో గీతలా చూపించే జీపీఎక్స్ ఫైలు అడిగితే "ఆ దారిని అలాగే ఉండనివ్వండి" అని జవాబు. ఫొటోలు పెట్టి ఊరించి, దారి మాత్రం చెప్పకపోవడం ఏం పద్ధతండీ? మీరందరూ ఏమంటారు?

అడవిదారి:
ఆ జవాబిచ్చింది నేనే. నా స్నేహితుడు ఇలాంటి దారి ఫైలే నలుగురికీ పనికొస్తుందని పెట్టాడు. ఒక సైటువాళ్లు అడక్కుండా ఎత్తుకుపోయి "తప్పక తొక్కాల్సిన దారులు" అంటూ వేసుకున్నారు. మరుసటి ఏడు వెళ్తే వాగు పక్కన డేరా వేసుకునే చోటంతా ఎనర్జీ జెల్ కవర్లు. మట్టి బాటలో మోటారు సైకిళ్లు తవ్విన గాడులు, వాటిలో మోకాటి లోతు బురద నీళ్లు. కొన్నాళ్లకు అడవి గేటుకు తాళం పడింది, సైకిలు దూర్చే సందు కూడా మూసేశారు. ఇక ఫైలు అడక్కండి. మ్యాపులున్నాయి, కాళ్లున్నాయి, వెతుక్కోండి.

లోడుబండి:
తాళం పడింది మోటారు సైకిళ్ల వల్ల. దానికి ఫైలునెందుకు ఆడిపోసుకోవడం? పేరున్న దారులు బతికిందే అందరికీ చెప్పడం వల్ల. 1976లో బైక్‌సెంటెనియల్ అని అమెరికాలో ఒక తీరం నుంచి ఇంకో తీరం దాకా దారి కలిపి మ్యాపులు అచ్చేశారు. ఎక్కువగా చిన్న చిన్న పల్లె రోడ్లే. ట్రాన్స్‌అమెరికా ట్రెయిల్ పేరుతో ఇప్పటికీ తొక్కుతున్నారు. యూరప్‌లో యూరోవెలో 6 అట్లాంటిక్ నుంచి నల్ల సముద్రం దాకా నదుల వెంబడి పోతుంది. మీలాగే అందరూ గుప్పిట మూసుకుంటే ఇవి ఉండేవా?

అడవిదారి:
నది గట్టున బల్లపరుపుగా పోయే దారికీ, ఎదురుగా ఎడ్లబండి వస్తే దిగి పక్కకు జరగాల్సిన బాటకీ పోలికేంటి సార్? అది వేలమందిని మోస్తుంది, ఇది మొయ్యదు.

చిల్లుట్యూబు:
దాచినా లాభం లేదు. జనం తొక్కిన, పరుగెత్తిన దారులన్నీ కలిపి చూపించే స్ట్రావా యాప్ హీట్‌మ్యాప్‌లో సైనిక స్థావరాలే బయటపడ్డాయి 2018 జనవరిలో. మీ బాట ఎంత!

ఎత్తుపల్లం:
ఇవ్వడం, ఇవ్వకపోవడం తర్వాత మాట్లాడుకుందాం. ఆ ఫైళ్లలో ఎక్కుడు లెక్కే, అంటే మొత్తం ఎన్ని మీటర్లు పైకెక్కాలో అదే తప్పు, దాని గురించి ఒక్కరూ అడగరేం? నాకు 1,400 మీటర్ల ఎక్కుడని చూపించిన దారి తొక్కితే ఎత్తు కొలిచే ఆల్టిమీటర్లో 1,050 కూడా రాలేదు. దారి గీసుకునే చాలా ప్లానర్ యాప్‌లు వాడే ఎత్తుల డేటాకు మూలం 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసిన కొలత. దట్టమైన అడవిలో ఆ రాడార్ నేల దాకా పూర్తిగా దిగదు, చాలావరకు కొమ్మల్లోనే ఆగిపోతుంది. పైగా నేలను గళ్లుగా కోసి ఒక్కో గడికి ఒకే ఎత్తు ఇస్తారు, గడి వెడల్పు సుమారు 30 మీటర్లు. కొండను పక్కనుంచి చెక్కి వేసిన రోడ్డు అందులో పావు వంతు కూడా ఉండదు. పైనున్న గుట్టా, కిందున్న లోయా రోడ్డు ఎత్తులో కలిసిపోయి, లేని ఎగుడుదిగుళ్లన్నీ మొత్తంలోకి చేరతాయి.

చిల్లుట్యూబు:
గురూ, ఇక్కడ గొడవ అది కాదు.

ఎత్తుపల్లం:
ఎందుకు కాదు? మనిషి, సైకిలు, సామాను కలిపి 100 కిలోలనుకోండి. 8 శాతం ఎక్కుడు గంటకు 6 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే బరువు పైకి లాగడానికే 130 వాట్లు. ముందు 22 పళ్లు, వెనక 34 పళ్లు ఉన్న గేరులో పెడళ్లు నిమిషానికి 60 సార్లు తిప్పినా గంటకు 5 కిలోమీటర్లు. తప్పు లెక్క చూసి జడిసి దారే మానుకున్నవాళ్లు ఉంటారు.

ఒక్కదాన్నే:
నేను ఎప్పుడూ ఒంటరిగానే తొక్కుతాను. మీరంతా "నిశ్శబ్దం, నిశ్శబ్దం" అని మురిసిపోతున్నారు. నాకు ఆ నిశ్శబ్దంలో ముందు వచ్చే లెక్కలు వేరు. గొలుసు తెగితే చీకటి పడేలోపు నడిచి చేరగలిగే ఊరు ఎంత దూరం, ఫోను ఎక్కడి దాకా పనిచేస్తుంది, కలప లారీలు ఏ వేళ దిగుతాయి. ఇవి తెలియకుండా "వెతుక్కోండి" అంటే నేను వెళ్లలేను, మీరు వెళ్లగలరు. అంతే తేడా.

అడవిదారి:
అంత భయమున్నప్పుడు ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లొచ్చు కదా.

లోడుబండి:
ఇదేం మాటండీ? వెనక్కి తీసుకోండి.

ఒక్కదాన్నే:
మీరు ఒంటరిగా వెళ్తే ప్రశాంతత, నేను వెళ్తే తోడు కావాలా? ఆ అడవిలో ఒక్కరే ఉండే సుఖం మీకొక్కరికే రాసిచ్చారా? ఇక్కడ మొదటి నుంచీ వాగు, చెత్త, గేటు అంటున్నారు. అసలు సంగతి అది కాదని నా అనుమానం.

రోడ్డుపక్కఇల్లు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. అలాంటి రోడ్డు మీదే మా ఇల్లు. మాకది ఆసుపత్రికెళ్లే రోడ్డు. ఫైలు ఇచ్చుకోండి, మానుకోండి, రెండేసి వరసల్లో మాత్రం రాకండి. ట్రాక్టరు పక్కకు దిగితే చేలో పడుతుంది.

అడవిదారి:
తోడు మాట అనాల్సింది కాదు, తీసేశాననుకోండి. మిగతాది దాచకుండా చెప్తా. కాగితం మ్యాపు పట్టుకుని, అడ్డదారిలో దిగి, అది ఎవరిదో పశువుల కొట్టం దగ్గర ఆగిపోతే సైకిలు తోసుకుంటూ మళ్లీ పైకెక్కి, ఒక్కో ముక్కా కలుపుకున్న దారి అది. ఒక్క నొక్కుతో దించుకుని, ఫోను చెప్పిన చోటల్లా తిరిగి, మర్నాడు "నా సాహసం" అని వీడియో పెడతారు. నాకు మండేది అక్కడ. చెత్త కూడా నిజమే, కానీ చెత్త ఏరుకోవచ్చు.

లోడుబండి:
పొద్దుట్నుంచీ పర్యావరణం పేరు చెప్పి, చివరికి పేటెంటు గొడవా! రోడ్డు వేసింది మీరు కాదు సార్, కనీసం అది గుర్తుపెట్టుకోండి.

అడవిదారి:
రోడ్డు వేసిన వాళ్లకు ఆ ముక్కలన్నీ ఒక దారని తెలీదు.

ఒక్కదాన్నే:
గీత మీ దగ్గరే ఉంచుకోండి, నేను గీత అడగలేదు. నీళ్లు, ఊళ్లు, గేట్లు, రోడ్డు ఎలా ఉందో చెప్పండి చాలు. ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో బాట గట్టిదనం గ్రేడ్ 1 నుంచి 5 దాకా నింపే వీలుంది. అదైనా నింపారా?

అడవిదారి:
లేదు. కావాలంటే వివరాలు మీకు మెసేజీలో పంపుతా.

ఒక్కదాన్నే:
నాకొక్కదానికే చెబితే, రేపు వచ్చే అమ్మాయి ఎవర్ని అడగాలి? ఇక్కడే రాయండి.

అడవిదారి:
రాసుకోండి. రెండో గేటు దాటాక కనుమ దాకా నీళ్లు లేవు, కింద చేతిపంపు దగ్గరే సీసాలన్నీ నింపుకోవాలి. కనుమకు ఇవతల గట్టి కంకర, అవతల వదులు రాళ్లు. 35 మిల్లీమీటర్ల టైరుతో దిగొద్దు, 45 ఉంటే నయం. గుండ్రటి మలుపుల దగ్గర వాన పడ్డాక ఎర్రమట్టి మడ్‌గార్డు లోపల పేరుకుని చక్రం తిరగదు, పుల్లతో గోకాల్సిందే. దిగుడులో బ్రేకులు అదేపనిగా పట్టుకోవద్దు. లారీలు మధ్యాహ్నం దాటాకే. ఫోను కనుమ మీద తప్ప పలకదు.

కొత్తపెడల్:
ఇంత చెప్పాక, శాటిలైట్ ఫొటో ముందేసుకుని కూర్చుంటే ఎవరైనా ఆ దారి గీసేయొచ్చు కదండీ!

అడవిదారి:
గీయండి. కూర్చుని గీసుకునేవాళ్లతో నాకు పేచీ లేదు.

ఎత్తుపల్లం:
గీసేటప్పుడు ఎక్కుడు మొత్తం మాత్రం నమ్మకండి.