సిద్ధాంత గ్రంథంలోని అధ్యాయం జర్నల్ వ్యాసంగా ఎలా మారుతుంది? అనుభవజ్ఞులు చెప్పగలరు

తార్నాక పరిశోధకురాలు

అందరికీ నమస్కారం. నేను చరిత్ర విభాగంలో నిరుడు పీహెచ్‌డీ పూర్తి చేశాను. నిజాం కాలంలో తెలంగాణ చెరువుల నిర్వహణ నా అంశం. మూడేళ్ల పాటు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో కూర్చుని ఉర్దూ, పర్షియన్ దస్త్రాలు చదివాను కనుక సామగ్రికి కొదవ లేదు. మూడో అధ్యాయం దశబంధ ఇనాముల గురించి, అంటే చెరువు మరమ్మతు చేయిస్తామన్న ఒప్పందంపై పొందిన భూముల గురించి. డెబ్భై పేజీల ఆ అధ్యాయాన్ని ఇరవై ఎనిమిది పేజీలకు కుదించి రెండు జర్నళ్లకు ఒకదాని తర్వాత ఒకటిగా పంపాను. మొదటిది పదకొండు రోజుల్లో, రెండోది నాలుగు రోజుల్లో సమీక్షకుల దాకా వెళ్లకుండానే తిరిగి వచ్చాయి. రెండో సంపాదకులు మాత్రం ఒక వాక్యం రాశారు: వ్యాసం ప్రధానంగా ఏమి నిరూపించదలచిందో తమకు తెలియలేదని. వైవాలో, అంటే గ్రంథంపై జరిగే మౌఖిక పరీక్షలో, పరీక్షకులు మెచ్చుకున్న అధ్యాయమే ఇది. లోపం ఎక్కడుందో చెప్పగలిగితే కృతజ్ఞురాలిని.

గచ్చిబౌలి అర్థశాస్త్రం

పరిశోధకురాలు గారూ, వైవాలో మెచ్చుకున్న లక్షణమే జర్నల్‌లో అడ్డుపడుతుంది. సిద్ధాంత గ్రంథాన్ని ఇద్దరు ముగ్గురు పరీక్షకుల కోసం రాస్తాం; ఈ రంగంలో వచ్చినదంతా చదివామనీ, ఏ మూలనూ వదల్లేదనీ వారికి చూపించుకోవాలి. జర్నల్ పాఠకుడికి ఆ రుజువుతో పనిలేదు. తనకు ఇంతవరకూ తెలియని విషయం ఒక్కటి తెలిస్తే చాలు.

నాకూ ఇలాగే జరిగింది. వ్యవసాయ రుణాలపై నేను రాసిన అధ్యాయంలో మూడు వాదనలు ఒకదానిపై ఒకటి ఎక్కి కూర్చున్నాయి. దాన్ని మా గైడు గారు చదివి, "వీటిలో ఏది తీసేస్తే నీకు రాత్రి నిద్ర పట్టదు?" అని అడిగారు. సమాధానం చెప్పడానికి నాకు వారం పట్టింది. మిగిలిన రెండింటినీ పక్కన పెట్టి, గ్రంథం మూసేసి, ఆ ఒక్క వాదనను స్నేహితుడికి ఉత్తరం రాసినట్టు రెండు పేజీల్లో జ్ఞాపకం నుంచి రాశాను. తర్వాత ఏ ఆధారం ఎక్కడ అవసరమో అక్కడికి మాత్రమే గ్రంథం నుంచి తెచ్చుకున్నాను. అధ్యాయంలో ఇరవై రెండు పేజీలున్న పూర్వ పరిశోధనల సమీక్ష మూడు పేరాలైంది. ఎవరెవరు ఏమన్నారో వరుసగా చెప్పడం మానేసి, చర్చ ఇంతవరకూ వచ్చి ఎక్కడ ఆగిపోయిందో మాత్రమే చెప్పాను.

మీరు చేసినది కుదింపు. డెబ్భై పేజీల్లో ఉన్న అన్ని విషయాలూ ఇరవై ఎనిమిది పేజీల్లోకి వచ్చాయి, ఒక్కొక్కటి మాత్రం పలచబడింది. నా సలహా ఒకటే: ఆ ఇరవై ఎనిమిది పేజీలను దిద్దకండి, ఒక ప్రశ్నతో కొత్త కాగితం మొదలుపెట్టండి. ఇనాము అనుభవిస్తున్నవారు మరమ్మతు బాధ్యతను ఎప్పుడు, ఎందుకు వదిలేశారు అన్నది ఒక ప్రశ్న. వారు వదిలేశాక చెరువు కింది రైతులు ఏం చేశారన్నది మరొకటి. ఈ రెండూ వేర్వేరు వ్యాసాలు.

హబ్సిగూడ ల్యాబ్

విజ్ఞాన శాస్త్రాల వైపు పని తీరు వేరైనా మూలసూత్రం ఇదే. మేము వ్యాసాన్ని మాటలతో మొదలుపెట్టం. గ్రాఫులు, పట్టికలు అచ్చు తీసి బల్ల మీద పరుస్తాం. వాటిని అటూ ఇటూ మార్చి చూసినప్పుడు ఒక కథ నడిచే వరుస దొరుకుతుంది. ఆ వరుసలో ఇమడని బొమ్మ ఎంత శ్రమపడి చేసినదైనా బయటికే వెళుతుంది. తర్వాత పద్ధతులు, ఫలితాలు రాస్తాం. ఉపోద్ఘాతం దాదాపు చివరికి, సారాంశం అన్నిటికన్నా చివరికి. ఏమి దొరికిందో తేలకముందు రాసిన ఉపోద్ఘాతం తప్పనిసరిగా మరేదో వ్యాసానికి ఉపోద్ఘాతమవుతుంది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన వ్యాసాన్ని కొత్త విద్యార్థులకు తప్పకుండా చూపిస్తాను. ఫాస్ఫరస్‌ను రంగు తీవ్రతను బట్టి కొలిచే ఒక్క పద్ధతి, అంతే. వందేళ్లయినా జీవరసాయన శాస్త్రంలో ఆ ఇద్దరి పేర్లు కలిపే ఆ పద్ధతిని పిలుస్తున్నారు.

అయితే ఒక్క వాదన అన్నామని ఒకే ప్రయోగాన్ని ముక్కలు చేసి నాలుగు వ్యాసాలుగా పంపడం సరికాదు. సమీక్షకులు దాన్ని పసిగడతారు, ఆ తర్వాత మీ పేరుతో వచ్చే ప్రతి వ్యాసాన్నీ అనుమానంతోనే తెరుస్తారు.

అఫ్జల్‌గంజ్ గ్రంథాలయం

నేను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేస్తున్నాను, రోజూ పరిశోధకులు అడిగే ప్రశ్నల నుంచి రాస్తున్నాను. పరిశోధకురాలు గారు వ్యాసం రాశాక జర్నల్ వెతికారని అనుకుంటున్నాను. ఆ వరుస తిరగబడాలి. పంపదలచిన జర్నల్‌లో గత రెండేళ్ల విషయసూచికలు చదవండి. మీ పాదసూచికల్లో ఆ జర్నల్ వ్యాసాలు ఒక్కటీ లేకపోతే, అక్కడి చర్చలో మీరు ఇంకా అడుగుపెట్టనట్టే. చదవడానికి డబ్బు అడ్డంకి అన్న మాట ఇప్పుడు చాలావరకు చెల్లదు. 2025 జనవరి 1 నుంచి అమలవుతున్న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థల వారికి ముప్ఫై ప్రచురణ సంస్థల జర్నళ్లు దాదాపు 13,000 అందుబాటులోకి వచ్చాయి. మా దగ్గరకు వచ్చే స్కాలర్లలో చాలామందికి ఈ సంగతి తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక నకిలీ జర్నళ్ల విషయం. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ జాడ్యానికి మన ఊరితో సంబంధం ఉంది. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది, 2019లో అక్కడి న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు చెప్పింది. సరైన సమీక్ష జరపకుండానే జరిపినట్టు చెప్పడం, ఒప్పుకోనివారి పేర్లను కూడా సంపాదకులుగా వేయడం, ప్రచురణ రుసుమును ముందుగా తెలపకపోవడం ఆ కేసులోని ప్రధాన ఆరోపణలు. మీకు వచ్చే మెయిల్‌ను ఈ మూడింటితోనే పరీక్షించండి. వారం రోజుల్లో ప్రచురిస్తామన్నారంటే సమీక్ష లేదన్నమాట. సంపాదకవర్గంలో ఉన్న ఒకరి విశ్వవిద్యాలయ పేజీ తెరిచి, ఆ జర్నల్ పేరు అక్కడ ఉందో లేదో చూడండి. రుసుము ఎంతో వెబ్‌సైట్‌లో కనబడకపోతే అక్కడితో వదిలేయండి. రుసుము తీసుకునే జర్నళ్లన్నీ మోసం కావు, తీసుకోనివన్నీ చిన్నవీ కావు.

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఆమోదించిన జర్నళ్ల పట్టికైన కేర్ జాబితాను నమ్ముకున్నవారికి ఒక గమనిక: 2018లో ప్రకటించిన ఆ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో నిలిపివేసి, జర్నల్‌ను ఎంచుకోవడానికి సూచనప్రాయమైన ప్రమాణాలు మాత్రం ఇచ్చింది. ఇప్పుడు విచక్షణ బాధ్యత మనదీ, మన సంస్థదీ. 2022 నిబంధనల ద్వారా, గ్రంథం సమర్పించడానికి ముందు ప్రచురణ తప్పనిసరి అన్న షరతును కూడా యూజీసీ తొలగించింది కాబట్టి, తొందరపడి ఎక్కడో ఒకచోట వేయించుకోవలసిన అవసరం తగ్గింది. మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఆ షరతు ఉంచిందేమో మాత్రం కనుక్కోండి.

మెహిదీపట్నం స్కాలర్

పై మాటకు నా అనుభవమే సాక్ష్యం. గ్రంథం సమర్పించే గడువు దగ్గరపడి, ఒక జర్నల్‌కు మూడు వేల రూపాయలు కట్టి తొమ్మిది రోజుల్లో వ్యాసం వేయించుకున్నాను. డబ్బు పోయిందన్న బాధ కన్నా పెద్ద బాధ తర్వాత తెలిసింది. ఒకసారి ప్రచురితమైన వ్యాసాన్ని ఏ మంచి జర్నలూ తీసుకోదు. నా నాలుగేళ్ల క్షేత్రపర్యటనలో అన్నిటికన్నా విలువైన భాగం ఎవరూ చదవని చోట ఉండిపోయింది. వెనక్కి తీసుకుంటానని ఎన్ని మెయిళ్లు రాసినా జవాబు లేదు.

కోఠి ఆంగ్ల సాహిత్యం

సమీక్షకుల నివేదిక వచ్చాక ఏం చేయాలో ఇంకా ఎవరూ చెప్పలేదు. నా అనుభవంలో సగం వ్యాసాలు ఆగిపోయేది అక్కడే. మేజర్ రివిజన్ (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపండి) అని వస్తే చాలామంది దాన్ని తిరస్కరణ అనుకుని ఫైలు మూసేస్తారు. అది తిరస్కరణ కాదు. ఇంకా మాట్లాడదామని సంపాదకులు పంపిన కబురు.

నా మొదటి నివేదిక చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. రెండో సమీక్షకులు నా వాదనను పూర్తిగా తలకిందులుగా అర్థం చేసుకున్నారని కోపం వచ్చింది. వారం తర్వాత మళ్లీ చదివితే, అలా అర్థం చేసుకోవడానికి నా రెండో పేజీలోని వాక్యమే దారి ఇచ్చిందని కనబడింది. ఒకరు పొరబడ్డారంటే ఇంకో పదిమంది పొరబడతారు. ఆ వాక్యం మార్చాను, ఎందుకు మార్చానో జవాబులో రాశాను.

జవాబు రాయడానికి నేను పాటించే పద్ధతి చెబుతాను. నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ విడదీసి నంబరు వేస్తాను. దాని కింద నేను చేసిన మార్పునూ, అది కొత్త ప్రతిలో ఏ పేజీలో ఉందో కూడా రాస్తాను. అంగీకరించనప్పుడు ఆధారం చూపి, మర్యాదగా కారణం చెబుతాను; ఏ వ్యాఖ్యనూ మౌనంగా దాటవేయను. ఇద్దరు సమీక్షకులు ఒకరికొకరు విరుద్ధంగా చెప్పినప్పుడు, నేను ఎవరి మాట ఎందుకు తీసుకున్నానో నేరుగా సంపాదకులకు వివరిస్తాను. నా వ్యాసం పంపిన నాటి నుంచి ప్రచురితమయ్యే దాకా పద్నాలుగు నెలలు పట్టింది, మా రంగంలో ఇది ఎక్కువేమీ కాదు. ఆ కాలమంతా అదే వ్యాసాన్ని మరో జర్నల్‌కు పంపకూడదు.

హబ్సిగూడ ల్యాబ్

పేర్ల క్రమం గురించి ఒక్క మాట. ఎవరి పేరు ముందు, ఎవరిది తర్వాత అన్నది రాయడం మొదలయ్యే ముందే మాట్లాడుకోండి. వ్యాసం పూర్తయ్యాక ఆ మాట ఎత్తితే స్నేహాలు నిలవవు. పని చేసినవారి పేరే ఉండాలి. గౌరవార్థం పేరు చేర్చడం, పని చేసిన జూనియర్ పేరు తీసేయడం రెండూ తప్పే.

తెలుగు శాఖ

నాది తెలుగులో రాసిన సిద్ధాంత గ్రంథం, శతక సాహిత్యంపై. తెలుగులో ఒక వ్యాసం వేశాను. అదే వాదనను ఆంగ్లంలో అంతర్జాతీయ పాఠకులకు అందించాలని అనువదించడం మొదలుపెట్టి రెండు నెలల్లో విసిగిపోయాను. తెలుగు పాఠకుడికి మకుటం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు; పద్యం చివర ఆ సంబోధన వినబడగానే చెవి గుర్తుపడుతుంది. బయటి పాఠకుడికి అక్కడి నుంచే చెప్పుకురావాలి, అలా చెప్పేటప్పుడు నా వాదన ఆరో పేజీకి గాని మొదలు కాలేదు. చివరికి అనువాదం ఆపి, మకుటం ద్వారా కవి ఎవరితో మాట్లాడుతున్నాడు అన్న ప్రశ్నతోనే మొదలుపెట్టి ఆంగ్ల వ్యాసాన్ని విడిగా రాశాను. తెలుగు వ్యాసంలో లేని రెండు కొత్త విషయాలు ఆ క్రమంలో నాకే తట్టాయి.

తార్నాక పరిశోధకురాలు

మీ అందరికీ ధన్యవాదాలు. ఒక సందేహం: నా గ్రంథం శోధ్‌గంగలో, అంటే పీహెచ్‌డీ గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే భాండాగారంలో, ఉంది. దాని నుంచి వ్యాసం రాస్తే పాత రచనలతో పోలికను కొలిచే సారూప్యత పరీక్షలో ఎక్కువ శాతం చూపిస్తుంది కదా?

అఫ్జల్‌గంజ్ గ్రంథాలయం

చూపిస్తుంది. ఈ వ్యాసం ఫలానా విశ్వవిద్యాలయానికి సమర్పించిన గ్రంథంలోని భాగంపై ఆధారపడిందని సంపాదకులకు రాసే లేఖలో ముందే చెప్పండి, వ్యాసం మొదటి పాదసూచికలో కూడా చెప్పండి. చాలా జర్నళ్లు దీన్ని అంగీకరిస్తాయి. ఆ జర్నల్ నియమం మాత్రం ఒకసారి చదవండి. గచ్చిబౌలి వారు చెప్పినట్టు కొత్తగా రాస్తే శాతం దానంతట అదే తగ్గుతుంది.

తార్నాక పరిశోధకురాలు

నాలుగు రోజులు కూర్చుని ఒక్క వాక్యం రాశాను. దయచేసి చూడండి: "దశబంధ ఇనాములు ఎలా పుట్టాయో, ఎలా మారాయో పరిశీలిస్తూ, ఇనాందారులు మరమ్మతు మానేసినప్పుడు ఆ ఖర్చు ఎవరు భరించాలన్నదానిపై చెరువు కింది రైతులు తమ అర్జీల్లో ఏ హక్కును ఆధారం చేసుకున్నారో ఈ వ్యాసం చూపుతుంది."

గచ్చిబౌలి అర్థశాస్త్రం

"పరిశీలిస్తూ" వరకు కొట్టేయండి. మిగిలినదే మీ వ్యాసం. అన్నిటికన్నా బలమైన అర్జీ ఒకటి ఎంచుకుని, దానితోనే మొదటి పేజీ మొదలుపెట్టండి.