అన్నం మానేసిన నాన్నగారికి నీరసం ఎందుకు?

ప్రశ్న (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మా నాన్నగారి భోజనం గురించి అడుగుతున్నాను. వయసు 61, బరువు 68 కిలోలు. నెల క్రితం చేయించిన రక్తపరీక్షలో మూడు నెలల చక్కెర సగటు 6.2 వచ్చింది. షుగరు ఇంకా రాలేదు కానీ గుమ్మం దాకా వచ్చింది, మందులు అక్కర్లేదు, రోజూ నడవండి, తిండి అదుపులో పెట్టండి, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం అని డాక్టరు గారు చెప్పారు.

ఆ రాత్రే ఎవరో ఆయన ఫోనుకు ఒక సందేశం పంపారు. అన్నం విషమట, జొన్న రొట్టె మందట. మర్నాటి నుంచి అన్నం ముట్టలేదు. ఉదయం రాగి జావ, మధ్యాహ్నం మూడు జొన్న రొట్టెలు, రాత్రి రెండు, వాటిలోకి చుక్క నూనెతో చేసిన కూర. పప్పులోనూ పిండి ఉంటుందని ఇంకెవరో అంటే అదీ మానేశారు. నెయ్యి లేదు, గడ్డ పెరుగు లేదు, పల్చటి మజ్జిగ ఒక్కటే మిగిలింది.

మొదటి వారంలో రెండు కిలోలు తగ్గారు. ఎంత సంబరపడ్డారో! ఇప్పుడు మేడ మెట్లు ఎక్కితే కాళ్లు పీకుతున్నాయంటున్నారు. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆకలికి ఆగలేక బిస్కెట్ల డబ్బా తీస్తున్నారు. పిడికెడు అన్నం తినమని అమ్మ రోజూ బతిమాలుతోంది. తమ్ముడేమో తన ప్రోటీన్ పౌడరు ఇస్తానంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

జవాబు (డైటీషియన్, విశాఖపట్నం)

అమ్మా, ముందు రెండు సంగతులు చెప్పండి. నాన్నగారి మూత్రపిండాల పరీక్ష, అంటే క్రియాటినిన్, మామూలుగా ఉందా? ఏ జబ్బుకైనా మందులు వాడుతున్నారా? ఇవి తెలియకుండా తిండి మార్చమని చెప్పకూడదు. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవారు ఒక్కసారిగా అన్నం మానేస్తే చక్కెర పడిపోయి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది.

ఇంకొక పని కూడా చేయండి. ఇంట్లో చిన్న కాటా ఉంటే ఒక రోజంతా ఆయన తిన్నవి తూచి రాయండి. పిండీ పప్పూ వండకముందే తూచాలి. ఉడికాక తూస్తే నీటి బరువు కలిసి లెక్క తప్పుతుంది.

ఆ రెండు కిలోల గురించి ఇప్పుడే చెప్పేస్తాను. మన కాలేయంలోనూ కండరాల్లోనూ పిండి పదార్థం గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉంటుంది, అంతా కలిపి అర కిలో దాకా. దాని ప్రతి గ్రామునూ సుమారు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. తిండి ఒక్కసారిగా తగ్గితే ముందు ఖర్చయ్యేది ఆ నిల్వే, దానితోపాటు ఆ నీరూ పోతుంది. మొదటి వారంలో తగ్గిన బరువులో కొవ్వు కొంచెమే.

ప్రశ్న అడిగినవారు

క్రియాటినిన్ మామూలుగానే ఉంది, మందులేవీ లేవు. నిన్నంతా తూచాను. అయిదు రొట్టెలకు జొన్నపిండి 250 గ్రాములు. జావకు రాగిపిండి 30. మజ్జిగలో పెరుగు 100. కూరలు రెండు పూటలా కలిపి 350. నూనె ఒక చెంచా. బిస్కెట్లు ఆరు. గుడ్డు తింటారు కానీ ఇప్పుడు అదీ లేదు. మాంసం ఎప్పుడో ఒక ఆదివారం.

పాత రోజుల లెక్క అమ్మను అడిగాను. ఆయన వంతు బియ్యం రోజుకు పావు కిలో. కందిపప్పు నలుగురికీ కలిపి ఒక టీ గ్లాసు. ఆ గ్లాసు కూడా తూచాను, సరిగ్గా 100 గ్రాములు.

జవాబు (డైటీషియన్, విశాఖపట్నం)

ఆ టీ గ్లాసు తూచి చాలా మంచి పని చేశారు. అసలు సంగతి అందులోనే ఉంది.

పావు కిలో బియ్యంలో పిండి పదార్థం సుమారు 195 గ్రాములు. పావు కిలో జొన్నపిండిలో 170. నాన్నగారు అన్నం మానేశారు కానీ పిండి పదార్థం పెద్దగా మానలేదు. జొన్నలో పీచు ఎక్కువ, నూటికి పది గ్రాముల దాకా ఉంటుంది, తెల్ల బియ్యంలో మూడు కూడా ఉండదు. ఆ పీచు వల్ల జొన్న నిదానంగా అరుగుతుంది, కడుపు నిండినట్లు ఉంటుంది, అది మేలే. కానీ అన్నమైనా రొట్టైనా జావైనా చివరికి పేగుల్లో గ్లూకోజే అవుతుంది. గ్లూకోజ్ పేరు వింటే భయపడకండి. మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాములు వాడుకుంటుంది.

ఇక మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. 68 కిలోలకు 56 గ్రాములు. నిన్న ఆయనకు అందినవి చూడండి: జొన్నలో 25, రాగిలో 2, పెరుగులో 3, కూరల్లోనూ బిస్కెట్లలోనూ ఓ ఆరు. మొత్తం 36. ఇరవై గ్రాములు తక్కువ! పిండి పదార్థానికి గ్లైకోజన్ ఉన్నట్లు, కొవ్వుకు పొట్టచుట్టూ ఉన్నట్లు, మాంసకృత్తులకు శరీరంలో విడిగా గిడ్డంగి లేదు. రోజూ తక్కువ పడితే శరీరం కండనే కరిగించుకుంటుంది. అరవై దాటినవారిలో కండ ఎలాగూ తగ్గుతూ ఉంటుంది. మెట్ల మీద కాళ్లు పీకడానికి ఇదొక కారణం కావచ్చు. రెండో కారణం, నిన్న ఆయన తిన్నదంతా కలిపితే 1300 కేలరీల చుట్టుపక్కలే తేలింది. ఆ వయసు మనిషి రోజంతా తిరగడానికి అది చాలదు. ఇవి సరిచేసిన రెండు వారాల తర్వాత కూడా నీరసం తగ్గకపోతే డాక్టరు గారిని కలవండి, రక్తహీనత వంటివి చూడాలి.

ఇప్పుడు ఆ టీ గ్లాసు. వంద గ్రాముల కందిపప్పులో మాంసకృత్తులు 22 గ్రాములు. నలుగురికి పంచితే తలకు అయిదున్నర. అదే పావు కిలో బియ్యంలో సుమారు 18. అంటే మీ ఇంట్లో ఇన్నాళ్లూ పప్పు కంటే అన్నమే మూడు రెట్లు మాంసకృత్తులు ఇచ్చింది! ఇరవై రెండేళ్లుగా నేను చూస్తున్న చాలా ఇళ్లలో ఇదే లెక్క. పప్పన్నం అంటాం కానీ విస్తట్లో ఉండేది అన్నం, దాని మీద పసుపు రంగు. సాంబారు పూట అదీ ఉండదు.

పప్పు పలచబడటం ఎందుకు నష్టమో చెబుతాను. మాంసకృత్తులు 20 రకాల అమైనో ఆమ్లాలతో కట్టిన దండలు. అందులో తొమ్మిదింటిని శరీరం తయారు చేసుకోలేదు, తిండిలోనే రావాలి. బియ్యం, జొన్న వంటి ధాన్యాల్లో ఆ తొమ్మిదింటిలో ఒకటైన లైసీన్ తక్కువ, పప్పుల్లో అది పుష్కలం. పప్పుల్లో మెథియొనీన్ అనే మరొకటి తక్కువ, ధాన్యాల్లో ఉంది. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. నాన్నగారు పప్పు మానేసి జొన్న ఒక్కదాని మీద ఉన్నారు కాబట్టి ఆ 36 గ్రాములైనా పూర్తిగా ఒంటబట్టడం లేదు.

సభ్యుడు (నిజామాబాద్)

జొన్న రొట్టెను తప్పుపట్టకండి మేడమ్. మా ఇంట్లో తరతరాలుగా అదే తిండి. మా నాయనమ్మ ఎనభై ఏళ్లు దాటాక కూడా పొలం గట్టు మీద నడిచింది.

జవాబు (డైటీషియన్, విశాఖపట్నం)

రొట్టెను తప్పుపట్టలేదండీ. మీ నాయనమ్మ గారు రొట్టెలోకి ఏమి తినేవారో ఒకసారి గుర్తు చేసుకోండి.

సభ్యుడు (నిజామాబాద్)

పెసరపప్పు, లేకపోతే పల్లీల పొడిలో నూనె. ఇంట్లో బర్రె ఉండేది, పెరుగు తప్పకుండా ఉండేది. మీరు అడిగేదాకా నాకు తట్టనే లేదు. మేం మాత్రం ఇప్పుడు రొట్టెలోకి ఆలుగడ్డ కూర తింటున్నాం.

సభ్యురాలు (నెల్లూరు)

నాదొక సందేహం. కందిపప్పులో నూటికి 55 గ్రాములు పిండి పదార్థమేనని చదివాను. మరి దాన్ని మాంసకృత్తులని ఎలా అంటారు? పల్లీల సంగతీ చెప్పండి.

జవాబు (డైటీషియన్, విశాఖపట్నం)

మీరు చదివింది నిజమే. పప్పు పూర్తిగా మాంసకృత్తు కాదు, పిండి పదార్థంతో కలిసి వచ్చే మాంసకృత్తు. కానీ ఆ పిండి పీచుతో కలిసి నిదానంగా అరుగుతుంది, అన్నం లాగా రక్తంలో చక్కెరను త్వరగా పెంచదు. అందుకే ఈ నాన్నగారిలాంటి వారికి పప్పు పెంచి, ఆ మేరకు బియ్యమో జొన్నో తగ్గించమంటాను. పెంచి తగ్గించకపోతే ఉపయోగం లేదు.

పల్లీల్లో నూటికి 25 గ్రాములు మాంసకృత్తులు ఉన్న మాట నిజం. వాటి కేలరీల్లో ఎక్కువ భాగం మాత్రం కొవ్వుదే. గ్రాము పిండి పదార్థం నాలుగు కేలరీలు ఇస్తుంది, గ్రాము మాంసకృత్తూ నాలుగే, కొవ్వు తొమ్మిది ఇస్తుంది. పల్లీలను ఆ లెక్కతో ఇరవై గ్రాములు, అంటే ఒక చిన్న గుప్పెడు తినండి. గిన్నె ముందు పెట్టుకుని టీవీ చూస్తూ తింటే చేయి ఆగదు.

తొమ్మిది అన్నానని నూనె పూర్తిగా మానేయకండి. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వుతో కలిస్తేనే ఒంటికి పడతాయి. మునగాకులోని పసుపు వర్ణకం మన శరీరంలో ఎ విటమిన్ కావాలంటే ఆ కూరలో కాస్త నూనె ఉండాలి. నాన్నగారు చుక్క నూనెతో ఉడికించిన ఆకుకూరలో సగం ఫలం పోతోంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో వేసిన 2000 కేలరీల పళ్లెంలో, అంటే ఒక మనిషి ఒక రోజు తిండిలో, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకు అటూ ఇటూగా మూడున్నర లీటర్లు. నూనె ప్యాకెట్లు లెక్కపెట్టుకోండి, మీ ఇల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది. నెయ్యి కూడా ఆ లెక్కలోదే. ప్యాకెట్ మీద కొలెస్ట్రాల్ లేదని రాసినందుకు ఎక్కువ ధర పెట్టకండి. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే ఉంటుంది, వేరుసెనగ నూనెలో ముందునుంచీ లేదు.

ఇక మీ నాన్నగారికి, అమ్మా. ఉదయం 60 గ్రాముల పెసలతో పెసరట్లు, అల్లం పచ్చిమిర్చి మీ ఇష్టం. మధ్యాహ్నం 80 గ్రాముల బియ్యంతో అన్నం, ఆయన ఒక్కరి వంతు పప్పు 40 గ్రాములు, విస్తట్లో అన్నమంత కూర, ఒక కప్పు గడ్డ పెరుగు. నాలుగింటికి 30 గ్రాముల శనగలు నానబెట్టి గుగ్గిళ్లు, బిస్కెట్ల డబ్బా అసలు కొనకండి. రాత్రి రెండు జొన్న రొట్టెలు, కూర, ఒక గుడ్డు. మాంసకృత్తులు 60 గ్రాములు దాటుతాయి, కేలరీలు 1600 దాటుతాయి, పిండి పదార్థం ఇప్పుడు తింటున్నంతే లేదా కొంచెం తక్కువ. ముందు కూర, పప్పు సగం తిని తర్వాత అన్నం కలుపుకుంటే చక్కెర ఇంకా నిదానంగా ఎక్కుతుంది. తిన్నాక పావుగంట నడవమనండి.

ప్రశ్న అడిగినవారి తమ్ముడు

మేడమ్, పౌడరు గురించి చెప్పలేదు. ఒక చెంచాలో 24 గ్రాములు ఉంటాయి, నాన్నకు ఒక్కటి చాలు కదా?

జవాబు (డైటీషియన్, విశాఖపట్నం)

బాబూ, నాన్నగారి మీద మీ ప్రేమ అర్థమైంది. అదే 24 గ్రాములు 50 గ్రాముల మీల్‌మేకర్‌లో ఉన్నాయి, ఇంకా రెండు ఎక్కువే. నెలకు దాని ఖర్చు, మీ డబ్బా ఖర్చు పక్కపక్కన రాసి చూడండి. కండలు పెంచడానికి పౌడర్లు వద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కూడా ఉంది. అవసరానికి మించి తిన్న మాంసకృత్తు కండగా నిలవ ఉండదు. దాని నత్రజని యూరియాగా మూత్రంలో పోతుంది, మిగిలింది శక్తిగా ఖర్చవుతుంది, లేదా కొవ్వుగా మారుతుంది. కండ పెరగాలంటే కండకు పని చెప్పాలి. నాన్నగారిని కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోమనండి, పూటకు పదిసార్లు.

మీరు వ్యాయామశాలకు వెళ్తారు కాబట్టి ఒక మాట. కండరానికి తక్షణ శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, అన్ని కణాలూ ఖర్చుపెట్టే ఏటీపీని 1929లో అమెరికా శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి వెలికితీసినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. అన్నమైనా పప్పైనా నెయ్యైనా, శక్తిగా ఖర్చయ్యే ప్రతిదీ చివరికి ఆ ఏటీపీగానే ఖర్చవుతుంది. ఆ పేరు తెలియకుండా క్రియాటిన్ డబ్బాలు కొంటున్న పిల్లలను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు (పద్దెనిమిది రోజుల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారు పెసరట్టు, పప్పు మొదలుపెట్టారు. మొదటి రెండు రోజులు కడుపు ఉబ్బరంగా ఉందన్నారు. పప్పును గంట ముందే నానబెట్టి ఇంగువ వేశాక సర్దుకుంది. ఒక కిలో మళ్లీ పెరిగారు, కంగారుపడితే మీరు రాసిన గ్లైకోజన్, నీటి సంగతి చదివి వినిపించాను. మేడ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నారు. పప్పు మాత్రం ఎవరినీ తూచనివ్వడం లేదు, కళ్లద్దాలు పెట్టుకుని కాటా ముందు తనే కూర్చుంటున్నారు. రక్తపరీక్షకు ఇంకా నెలన్నర ఉంది.

పక్కింటి పెదనాన్నగారు కూడా ఇదే పద్ధతి రాసిమ్మంటున్నారు. ఆయనకు క్రియాటినిన్ ఎక్కువగా ఉందని విన్నాను. ఇవ్వవచ్చా?

జవాబు (డైటీషియన్, విశాఖపట్నం)

వద్దమ్మా, ఇవ్వకండి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మాంసకృత్తులు ఎంత, ఏ పప్పు ఎంత, పొటాషియం ఎంత అన్నది వారి రిపోర్టు చూసి వారి డాక్టరే చెప్పాలి. ఆ రిపోర్టు పట్టుకుని ఈ వారమే వెళ్లమనండి.