పుస్తకం వేస్తున్నా. ఇన్‌స్టాలో ఉన్న ఎపిసోడ్లు తీసేయాలా, ఉంచాలా?

గోంగూరగీతలు:
అందరికీ నమస్తే. రెండున్నరేళ్లుగా ఇన్‌స్టాలో 'సరోజ కర్రీ పాయింట్' అని కామిక్ గీస్తున్నా. తెనాలిలో కర్రీ పాయింట్ నడిపే సరోజ, ఆమె కూతురు, సాయంత్రం ఏడింటికి స్టీలు డబ్బాలు పట్టుకొచ్చే జనం. అంతే కథ. 61 ఎపిసోడ్లు అయ్యాయి, ఫాలోవర్లు 9 వేల పైచిలుకు.

ఇప్పుడు పుస్తకం వేద్దామని విజయవాడలో ఒక ప్రెస్సులో కొటేషన్ తీసుకున్నా. 120 పేజీలు, లోపల నలుపు తెలుపు, కవర్ రంగుల్లో. 300 కాపీలైతే ఒక్కోటి 92 రూపాయలు పడుతోంది. అంటే 27,600 నా చేతి నుంచి పెట్టాలి. 220కి అమ్ముదామని ఆలోచన.

డౌట్ ఏంటంటే, 61 ఎపిసోడ్లూ ఇన్‌స్టాలో ఊరికే దొరుకుతుంటే 220 పెట్టి ఎవరు కొంటారు? మా అమ్మని అడిగా (సరోజకి మూలం ఆవిడే). "రుచి చూడమని చెంచాడు వేస్తాం గానీ గిన్నె చేతికిచ్చేస్తామా" అంది. మీరేమంటారు?

ఇంకుబుడ్డి:
అమ్మగారి మాటే నా మాట. తీసేయ్ చెల్లీ. నేను సొంత డబ్బుతో రెండు కామిక్ పుస్తకాలు వేశాను. మొదటిది మొత్తం నెట్‌లో ఉంచి 500 కాపీలు కొట్టించా. 170 పోయాయి. మిగతావి ఇప్పటికీ మంచం కింద ఉన్నాయి, ఇల్లు మారినప్పుడల్లా వాటిని మోస్తూ మా ఆవిడ నన్నో చూపు చూస్తుంది. లైకు కొట్టినవాళ్లంతా "సూపర్ బ్రో, పుస్తకం ఎప్పుడు" అన్నవాళ్లే.

బయటి ఉదాహరణ కావాలంటే 'నిమోనా' చూడు. 2012లో వెబ్‌కామిక్‌గా మొదలైంది, 2015లో పుస్తకమైంది. పుస్తకం వచ్చాక నెట్‌లో మొదటి కొన్ని అధ్యాయాలు ఉంచి మిగతావి తీసేశారు. అంత పెద్ద పబ్లిషర్ ఆలోచించకుండా చేస్తాడా?

నిద్రపట్టని_బొమ్మ:
ఒక ఉదాహరణ చెప్పి ఊరుకుంటే ఎలా అన్నా? 'ఆర్డర్ ఆఫ్ ది స్టిక్' సంగతి చూడండి. అగ్గిపుల్లల్లాంటి మనుషులతో గీసే వెబ్‌కామిక్, 2003 నుంచి నెట్‌లో ఉచితంగానే ఉంది. అయిపోయిన పాత పుస్తకాలు మళ్లీ ముద్రించడానికి 2012లో కిక్‌స్టార్టర్‌లో (జనం దగ్గర ముందే చందాలు పోగుచేసే సైట్) డబ్బడిగితే దాదాపు 15 వేల మంది కలిసి 12 లక్షల డాలర్లకు పైనే ఇచ్చారు. ఇచ్చినవాళ్లలో చాలామంది అప్పటికే నెట్‌లో చదివేసినవాళ్లు. 'హార్ట్‌స్టాపర్' అనే ఇంకో కామిక్ 2016లో నెట్‌లో మొదలైంది, 2018లో పాఠకుల డబ్బుతోనే మొదటి సంపుటం అచ్చయింది. నెట్‌లో ఉచితంగా వస్తూనే పుస్తకాలూ అమ్ముడయ్యాయి, 2022లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ కూడా అయింది.

ఆంటీగారి చెంచా పోలిక బాగుంది గానీ కుదరదు. కూర తింటే అయిపోతుంది. బొమ్మ ఎంతమంది చూసినా అయిపోదు.

ఇంకుబుడ్డి:
అవి ఇంగ్లిష్ లెక్కలు తమ్ముడూ. ప్రపంచమంతా చదివే భాషలో లక్షమందిలో ఒకడు కొన్నా పుస్తకం గట్టెక్కుతుంది. మనకి 9 వేల ఫాలోవర్లలో నూటికి ఒక్కరు కొంటే 90 కాపీలు. మిగతా 210 ఎక్కడ పెట్టాలి, నా మంచం కిందా?

అసలు మన జనానికి కామిక్ పుస్తకం అంటే ఎనిమిదేళ్ల పిల్లాడి కోసం కొనేది. 220 పెట్టి తన కోసం కొనే పెద్దమనిషిని వెతికి పట్టుకోవాలి. వాడికి ఇన్‌స్టాలో ఊరికే దొరికితే ఆ 220 బిర్యానీకి పోతుంది.

పాతచందమామ:
నా వయసు అరవై ఏడు. 'చందమామ' 1947 జులైలో మొదలైంది. నేను చదివే రోజుల్లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్, దానికి చిత్రా గారి బొమ్మలు. పోస్టుమాన్ కోసం అరుగు మీద కూర్చునేవాళ్లం. తర్వాత పత్రిక ఆగిపోయింది. నా దగ్గర పాత సంచికల స్కాన్లు కంప్యూటర్‌లో కొన్ని వందలున్నాయి, ఎవరో పుణ్యాత్ములు ఓపిగ్గా చేసి పెట్టినవి. అన్నీ ఉచితమే. అయినా ఆ సీరియల్స్ పుస్తకాలుగా వచ్చినప్పుడు కొన్నాను. కంప్యూటర్‌లో చదివింది నాకు, పుస్తకం మా మనవరాలికి.

ఇంకుబుడ్డి గారూ, మీ 330 కాపీలు నెట్‌లో ఉన్నందుకే మిగిలాయని ఎలా తేల్చారు? రెండో పుస్తకం నెట్‌లో పెట్టలేదన్నట్టు ధ్వనించింది. అది ఎన్ని పోయింది? నిజం చెప్పండి.

ఇంకుబుడ్డి:
సార్ నన్ను ఇరికించేశారు. రెండోది 300 వేస్తే 140. అందులో 60 పుస్తకాల పండగలో మూడు రోజులు నిలబడి అమ్మినవి. సరే, శాతం చూస్తే మొదటిదానికన్నా నయమే, ఒప్పుకోండి.

నిద్రపట్టని_బొమ్మ:
దాన్ని కాళ్లు నొప్పులు పుట్టేలా నిలబడటం అంటారన్నా, దాచిపెట్టడం అనరు.

గీతలు గారూ, అసలు విషయం ఎవరూ అనట్లేదు. మీ 'చారు ఫ్రీయేనా' ఎపిసోడ్ నాకు మూడు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చింది. మూడింట్లోనూ కింద మీ పేరు లేదు.

గోంగూరగీతలు:
ఆ గొడవ గుర్తు చేయకండి. ఒక మీమ్ పేజీవాళ్లు నా సంతకం దగ్గర కత్తిరించి, వాళ్ల లోగో అతికించి పెట్టారు. నా ఒరిజినల్‌కి 1,100 లైకులు, వాళ్లకి 40 వేలు దాటాయి. మెసేజ్ పెడితే "ప్రమోషన్ అవుతుంది కదా అక్కా" అన్నారు. అప్పటి నుంచి సంతకం మూలన కాకుండా సరోజ కొంగు మీద పెడుతున్నా.

నిద్రపట్టని_బొమ్మ:
నేను చెప్పేది అదే. మీరు తీసేస్తే పోయేది మీ పేరున్న కాపీ ఒక్కటే. పేరు లేనివి ఊళ్లో తిరుగుతూనే ఉంటాయి. రేపు ఎవరైనా "ఇది గీసిందెవరు" అని వెతికితే ఏం దొరుకుతుంది?

వత్తులక్క:
మీరంతా అమ్మకం గురించే మాట్లాడుతున్నారు. నేను లెటరింగ్ (కామిక్ బుడగల్లో మాటలు పేర్చే పని) చేసేదాన్ని, నా గోల వేరే. గీతమ్మా, నీ 37వ ఎపిసోడ్ ఏ5 కాగితం మీద ప్రింటు తీసి చూశా. ఇన్‌స్టా బొమ్మ 1080 పిక్సెళ్ల వెడల్పు. ఏ5 పేజీ నిండా 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో, రావాలంటే వెడల్పే 1748 ఉండాలి. గీతలన్నీ మసకమసకగా వచ్చాయి. పెద్ద సైజు ఫైళ్లు దాచుకున్నావా?

ఇంకోటి. "లక్ష్మీ, గిన్నెలెక్కడ" అని సరోజ అరిచే బుడగ చూడు. క్ష్మ కింద వత్తు బుడగ గీత మీద కూర్చుంది. ఫోన్‌లో కనపడదు, కాగితం మీద కంట్లో నలుసులా ఉంది. ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయే లైన్ గ్యాప్ మనకి చాలదు, వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. సైజు 10 అయితే గ్యాప్ 15 పెట్టు. పాత ఫోటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్-రెడీ లేఅవుట్ (మన లిపుల్ని సరిగ్గా పేర్చే సెట్టింగ్) పెట్టుకో, లేకపోతే వత్తులు ఊడి పక్కన పడతాయి. ఫాంట్ కూడా అన్నిచోట్లా రామభద్ర వాడేశావు. అది అరుపులకి బాగుంటుంది. మామూలు మాటలకి మండలి లాంటిది తీసుకో, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే.

ఇన్‌స్టాలో నాలుగు చదరపు బొమ్మలు పక్కకి జరుపుతూ చూస్తాం. నాలుగోదానిలో ఉన్న జోకు అప్పటిదాకా కనపడదు. పుస్తకంలో పేజీ తిప్పగానే నాలుగూ ఒకేసారి కంట్లో పడతాయి, జోకు ముందే లీకవుతుంది. కాబట్టి ఎలాగూ పేజీలు కొత్తగా పేర్చాలి. కొత్తగా పేర్చిన పుస్తకానికి పాత పోస్టులు పోటీ ఎలా అవుతాయి?

ఇంకుబుడ్డి:
61 ఎపిసోడ్లు మళ్లీ పేర్చడమా! ఆ కూలి ఎవరిస్తారక్కా? 92 రూపాయల్లో అది లేదు.

డల్లాస్_బావ:
ఇండియా నుంచి పోస్టు ఖర్చు పుస్తకం ధరని మించిపోతుందండీ. పీడీఎఫ్ అమ్మండి, 5 డాలర్లయినా కొంటాను. మా పిల్లలకి తెలుగు చదవడం రాదు, నేను బుడగలు చదివి వినిపిస్తుంటే బొమ్మలు చూస్తారు. దయచేసి పాతవి తీసేయకండి, మా ఆదివారాలు వాటితోనే గడుస్తున్నాయి.

ఇంకుబుడ్డి:
పీడీఎఫ్ అమ్మిన మూడో రోజుకి గ్రూపుల్లో ఉంటుంది బావగారూ, పెట్టేది మీరు కాదు, మీ తర్వాత కొన్నవాడు.
ఇక్కడి పోస్టు సంగతీ చూసుకో చెల్లీ. పుస్తకాలు చవగ్గా పంపుకునే రిజిస్టర్డ్ బుక్‌పోస్ట్‌ని 2024 డిసెంబరులో తీసేశారు. చిన్న పబ్లిషర్లందరికీ అప్పటి నుంచి లెక్క మారిపోయింది. 220లో పోస్టేజీ కలపకు, విడిగా చెప్పు.

పాతచందమామ:
ఒక చిన్న మాట. ఎప్పుడైనా పబ్లిషర్ వచ్చి హక్కులు రాసిమ్మంటే గడువు, ఏ దేశాలకో, ప్రింటుకా నెట్‌కా, అన్నీ కాగితం మీద పెట్టించుకోమ్మా. మన కాపీరైట్ చట్టం ప్రకారం గడువు రాయకపోతే అయిదేళ్లు అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని అర్థం. నెట్‌లో ఉంచాలా తీయాలా అన్నది అప్పుడు నీ చేతిలో ఉండకపోవచ్చు.

గోంగూరగీతలు (పన్నెండు రోజుల తర్వాత):
ఏదీ తీసేయలేదు. బదులుగా ముందస్తు ఆర్డర్లు తీసుకున్నా, యూపీఐ స్కానర్ పెట్టి, పోస్టేజీ విడిగా. పుస్తకంలో మాత్రమే ఉండేలా సరోజ పెళ్లినాటి కథ 14 పేజీలు కొత్తగా గీస్తున్నానని చెప్పా. పెద్ద ఫైళ్లు 20వ ఎపిసోడ్ నుంచే ఉన్నాయక్కా. మొదటి 19 మళ్లీ గీయాలి, అప్పటి సరోజ ముక్కు చూస్తే నాకే సిగ్గేస్తోంది. డల్లాస్ బావగారూ, పీడీఎఫ్ సంగతి పుస్తకం అచ్చయ్యాక చూస్తా. ఇప్పటిదాకా 83 ఆర్డర్లు.

ఇంకుబుడ్డి:
83లో చుట్టాలూ స్నేహితులూ ఎంతమంది?

గోంగూరగీతలు:
19.

ఇంకుబుడ్డి:
అయితే 64.

గోంగూరగీతలు:
64. అందుకే 300 కాదు, 150 వేయిస్తున్నా. ఒక్కోటి 124 పడుతోంది. అమ్మ చెంచా మాట వెనక్కి తీసుకోలేదు, కానీ కొట్టు గల్లాపెట్టె పక్కన స్కానర్ తనే అతికించింది.