మొదటి నుంచి చివరి దాకా వినదగ్గ ఆల్బమ్‌లు: మీ అభిప్రాయం కావాలి

నమస్కారం. పాటల వరుస తప్పకుండా, మొత్తంగా వినాలనిపించే ఆల్బమ్‌ల గురించి మీ అభిప్రాయాలు కోరుతున్నాను. నాకు ఎన్నాళ్లుగానో ఇష్టమైనది పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం 1973లో విడుదల చేసిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’. గుండె చప్పుడుతో మొదలై, ఒక పాట మరో పాటలోకి జారిపోతూ, తిరిగి గుండె చప్పుడుతోనే ముగిసే ఆ ఆల్బమ్‌ను షఫుల్‌లో వినడమంటే నవలను పేజీలు కలిపేసి చదవడమే.

ఈమధ్య కొత్తగా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 నాటి ‘కైండ్ ఆఫ్ బ్లూ’ విన్నాను. మొదట్లోనే పియానో, బాస్ తాళం లేకుండా తడుముకుంటున్నట్టు వచ్చి, ఆ తరువాత బాస్ అసలు బాణీని ఎత్తుకోగా మిగతా వాద్యాలు రెండే స్వరాలతో బదులివ్వడం నన్ను కట్టిపడేసింది. అయితే రెండో సగానికి వచ్చేసరికి మనసు నిలవడం లేదు. జాజ్‌కు కొత్తవారు ముందుగా ఏ వాద్యాన్ని పట్టుకుని వినాలి? దీని తరువాత ఏది వింటే బాగుంటుంది?

అలాగే, మొదట నచ్చకపోయినా వినగా వినగా మీకు దగ్గరైన ఆల్బమ్ ఏదైనా ఉంటే, ఏ పాట దగ్గర మీ అభిప్రాయం మారిందో దయచేసి రాయండి. ‘ఆల్ టైమ్ గ్రేట్’ జాబితాలు మాత్రం వద్దు, అవి ఎక్కడ వెతికినా దొరుకుతాయి.