ఫిజిక్స్ ఒక్కటే లోతుగా చదవాలా, పక్క సబ్జెక్టులు కూడా పట్టుకోవాలా?

కోనసీమ_కుర్రాడు: అమలాపురం దగ్గర మాది, బీయస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. మా అక్క టైములో ఎంపీసీ అంటే మూడూ సమానమే, 2023-24లో సింగిల్ మేజర్ వచ్చాక నాకు ఫిజిక్సే మెయిన్. ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటు కోసం పెట్టే జామ్ పరీక్ష రాద్దామని ఉంది. సారేమో క్వాంటం, ఎలక్ట్రోడైనమిక్స్ తప్ప ఇంకోటి ముట్టుకోకు అంటున్నారు. నాకేమో పైథాన్, కాస్త జియాలజీ కూడా నేర్చుకోవాలనుంది, మా ఇంటి బోరు నీళ్ళు ఉప్పగా మారిపోయాయి, అదెందుకో తెలుసుకోవాలి. రెంటికీ చెడ్డ రేవడినవుతానా?

గట్టుమీద_గోపి: సార్ మాటే వినరా తమ్ముడూ. నేను డిగ్రీలో వెబ్ డిజైన్, ఏఐ, ఎలక్ట్రానిక్స్ అన్నీ కెలికా, సర్టిఫికెట్లు తొమ్మిదున్నాయి, ఇంటర్వ్యూలో హార్మోనిక్ ఆసిలేటర్ ఎనర్జీ రాయమంటే ఎన్ పక్కన సగం కలపడం మర్చిపోయా. నోబెల్ తెచ్చుకున్న వెంకీ రామకృష్ణన్ గారు ముందు ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేశాకే కదా బయాలజీకి వెళ్ళింది.

పాలకొల్లు_పిల్ల: సగం కథే చెప్పారు గోపి గారూ. 1976లో పీహెచ్‌డీ అయ్యాక ఆయన మళ్ళీ బయాలజీలో స్టూడెంటుగా కూర్చున్నారు, 2009లో నోబెల్ వచ్చింది కెమిస్ట్రీకి. అంత ఓపిక అందరికీ ఉంటుందా? అమెరికా ఫిజిక్స్ శాస్త్రవేత్త హాప్‌ఫీల్డ్‌కి 2024లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చింది న్యూరల్ నెట్‌వర్కుకి, అంటే మెదడు కణాల అల్లికని అనుకరించే లెక్కకి! అంతెందుకు, మన భీమవరం పక్క గొరగనమూడి స్వామి జ్ఞానానంద గారు సన్యాసం తీసుకున్నాక న్యూక్లియర్ ఫిజిక్స్ చేసి ఆంధ్రా యూనివర్సిటీలో ఆ డిపార్టుమెంటే పెట్టారు.

గట్టుమీద_గోపి: హాప్‌ఫీల్డ్ 1982లో ఆ పేపరు రాసేనాటికి సాలిడ్ స్టేట్‌లో, అంటే ఘనపదార్థాల ఫిజిక్స్‌లో తలపండిన మనిషండి. స్పిన్‌ల (పదార్థంలో ఉండే చిట్టి అయస్కాంతాల్లాంటివి) లెక్క చేతిలో ఉంది కాబట్టే మెదడుని అలా చూడగలిగాడు.

చెరువు_రాజు: ఆయ్, పదో తరగతి వరకే చదివినోణ్ణి, మధ్యలో దూరుతున్నా. రొయ్యల చెరువులో రాత్రంతా పాచి కూడా ఆక్సిజనే పీలుస్తుంది, తెల్లారుజామున రొయ్యలు పైకి తేలాయంటే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల దగ్గరికి పరిగెట్టడమే. నాకు ఆక్సిజన్ మీటరు అమ్మిన కుర్రాడు ఇంజనీరింగ్ చేశానన్నాడు, ఉప్పు నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుందని గానీ, ఉప్పెంతో మీటర్లో పెట్టకపోతే రీడింగ్ ఎక్కువ చూపిస్తుందని గానీ అతనికి తెలీదు, ఆ పంట పోయింది. అతనికి లోతు లేదంటారా, పక్క చూపు లేదంటారా?

పాలకొల్లు_పిల్ల: రెండూ లేవు రాజు గారూ 😀

కోనసీమ_కుర్రాడు: నిన్న రాత్రి బోరు లెక్క వేశానన్నా. ఘనపు మీటరు మంచినీళ్ళు 1000 కిలోలైతే సముద్రపు నీళ్ళు 1025 కిలోలు, భూమిలో మంచినీళ్ళు దాని మీద తేలుతుంటాయి. సముద్రమట్టం కంటే పైన మీటరుంటే కింద 40 మీటర్లుంటాయి, అంటే మనం ఒక్క అడుగు మట్టం దించితే ఉప్పు 40 అడుగులు పైకొస్తుంది. జియాలజీ పుస్తకం తెరిస్తే మా ఫస్టియర్ హైడ్రోస్టాటిక్సే కనబడింది.

గట్టుమీద_గోపి: బానే ఉంది గానీ అది నీళ్ళు కదలకుండా ఉన్నప్పటి లెక్క రా, మోటారు లాగుతుంటే అలా కుదరదు. నోట్సు ఫొటో పెట్టు, చూద్దాం.