డ్రాఫ్ట్‌లో ముందు చూడాల్సింది ప్రతిభా, జట్టు అవసరమా?

గాజువాక గార్డ్:
ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో జట్లు కొత్త కుర్రాళ్లని వరసగా ఎంచుకుంటాయి కదా. రెండో పిక్, అంటే రెండో ఎంపిక, చేతిలో ఉందనుకోండి. జట్టుకి సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడగరి) లేడు, మిగిలినవాళ్లలో మేటి ఆటగాడేమో గార్డ్ (బంతి నడిపించేవాడు). నా ఓటు ఆ గార్డ్‌కే. 2018లో శాక్రమెంటో జట్టుకి అప్పటికే గార్డ్ డియారన్ ఫాక్స్ ఉన్నాడు. అందుకే రెండో పిక్‌లో, తర్వాత పెద్ద స్టార్ అయిన గార్డ్ లూకా డాంచిచ్‌ని వదిలేసి మార్విన్ బాగ్లీని తీసుకుంది. నాలుగేళ్లు నిండకుండానే బాగ్లీని వేరే జట్టుకి ఇచ్చేసింది.

ఎంవీపీ కోచ్:
మేటి ఎవరన్నది ఒక్కో జట్టు లిస్టులో ఒక్కోలా ఉంటుందండీ. పైగా మొదటి రౌండ్ కాంట్రాక్టులో గ్యారంటీ రెండేళ్లకే. మూడో ఏడు ఉంచుకోవాలా వద్దా అన్నది రెండో సీజన్ మొదలయ్యే రోజుల్లోనే, అక్టోబర్ 31 లోపు తేల్చాలి. అంటే చూడ్డానికి దొరికేది ఒక్క సీజన్ ఆట. అదే పొజిషన్‌లో స్టార్ ఉంటే కుర్రాడికి నిమిషాలెక్కడివి? ఏం చూసి తేలుస్తారు?

అక్కయ్యపాలెం ఫ్యాన్:
మాస్టారూ, అవసరం చూసి తెచ్చినవాడికీ అదే ఇబ్బంది. 2020లో గోల్డెన్ స్టేట్ రెండో పిక్‌లో సెంటర్ జేమ్స్ వైజ్‌మన్‌ని తీసుకుంది. కాలేజీలో అతను ఆడింది మూడే మ్యాచ్‌లు. ఆ జట్టు స్టార్ షూటర్ కర్రీ మీదకి ఇద్దరు వచ్చిపడితే, స్క్రీన్ పెట్టిన (కర్రీని కాపు కాసేవాడికి అడ్డు నిలిచిన) సెంటర్ ఫ్రీ త్రో గీత దగ్గర బంతి అందుకోవాలి. అక్కడ వీళ్లు నలుగురు, ఎదుట ముగ్గురు. మూలనున్న షూటర్‌కి ఇవ్వాలా, బుట్ట కిందకి దూసుకొచ్చేవాడికి వేయాలా అన్నది సెకను లోపు తేలిపోవాలి. అది ఎత్తుతో వచ్చేది కాదు, మ్యాచ్‌లు ఆడగా ఆడగా రావాలి. వైజ్‌మన్‌కి 39 మ్యాచ్‌లు ఆడాక మోకాలి మెనిస్కస్ (కీలులోని మెత్తని పొర) చిరిగి, రెండో సీజన్ మొత్తం పోయింది. 2022లో కప్పు గెలిచినప్పుడు సెంటర్ కెవాన్ లూనీ. అతను 2015లో 30వ పిక్! అంత వెనక వచ్చే పిక్‌తో తీరే అవసరానికి రెండో పిక్ ఎందుకు?

ఎంవీపీ కోచ్:
గాయాన్ని చూపించి ఎంపికే తప్పంటే ఎలా? అప్పట్లో వైజ్‌మన్ చాలామంది లిస్టుల్లో మొదటి ముగ్గురిలో ఉన్నాడు. అది ప్రతిభని వదులుకున్న కేసు కానే కాదు.

బీచ్ రోడ్ బాల్:
మన జిల్లా జట్టుకి 12 మందిని ఏరే లెక్క ఇక్కడ పనికిరాదు. మనకి టోర్నమెంట్ కొద్ది రోజుల్లో అయిపోతుంది, కాబట్టి ఖాళీలు చూసి నింపుతాం. ఎన్‌బీఏలో ఆటగాణ్ని వేరే జట్టుతో మార్చుకోవచ్చు.

గాజువాక గార్డ్:
సరిగ్గా అదే గురూ. 2020లో అదే శాక్రమెంటో, ఫాక్స్ ఉండగానే 12వ పిక్‌లో ఇంకో గార్డ్ హాలిబర్టన్‌ని తీసుకుంది. 2022 ఫిబ్రవరిలో అతన్ని ఇండియానా జట్టుకి ఇచ్చి సెంటర్ సబోనిస్‌ని తెచ్చుకుంది. 2023లో 16 సీజన్ల ప్లేఆఫ్స్ కరువు తీరింది.

ఎంవీపీ కోచ్:
ఆ ధర ఎందుకు పలికింది? హాలిబర్టన్‌ని మొదటి ఏడాదే మ్యాచ్‌కి 30 నిమిషాలు ఆడించారు కాబట్టి. బెంచీ మీద కూర్చోబెడితే సబోనిస్ వచ్చేవాడా? అన్ని నిమిషాలు ఇవ్వలేనప్పుడు పిక్‌ని డ్రాఫ్ట్ రోజే చిల్లర మార్చుకోవడం మేలు. 2014లో డెన్వర్ 11వ పిక్ ఇచ్చి 16, 19 తెచ్చుకుంది. సెంటర్ నుర్కిచ్, గార్డ్ గ్యారీ హారిస్ అలా వచ్చినవాళ్లే.

గాజువాక గార్డ్:
అదే డ్రాఫ్ట్‌లో 41వ పిక్‌లో ఇంకో సెంటర్ యోకిచ్‌ని కూడా తీసుకున్నారు మాస్టారూ. అవసరమే చూసుంటే ఒకే రాత్రి ఇద్దరు సెంటర్లని తీసుకునేవాళ్లా?