మందు అలవాటు లేని మనిషికి లివర్ ఎలా పాడవుతుంది?

వానచినుకు:
అందరికీ నమస్కారం. కాస్త టెన్షన్‌లో రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకండి. మా అన్నయ్యకి 41 ఏళ్లు. ఆఫీసు తరఫున చేయించిన హెల్త్ చెకప్‌లో లివర్ ఎంజైములు ఎస్‌జీపీటీ 96, ఎస్‌జీఓటీ 58 వచ్చాయి. బిలిరుబిన్, అల్బుమిన్ మామూలుగానే ఉన్నాయి, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని రాశారు. షుగర్ బోర్డర్‌లో ఉంది, పొట్ట కొంచెం ఉంది గానీ చూస్తే లావు మనిషి అనిపించడు. తాగడం అంటారా, ఏడాదికి ఒకటి రెండుసార్లు ఏదైనా ఫంక్షన్ ఉంటేనే, అదీ ఒక్క గ్లాసుతో సరి. డాక్టర్ మాత్రం "రోజూ తాగుతారా" అని ఒకటికి రెండుసార్లు గుచ్చి అడిగారట. అప్పటినుంచి వదినకి అనుమానం మొదలైంది, అమ్మ పైకి ఏమీ అనదు గానీ ముఖం చూస్తే తెలుస్తోంది. అన్నయ్యేమో బాగా నొచ్చుకుని, రిపోర్టు మాటెత్తితే లేచి వెళ్లిపోతున్నాడు, మళ్లీ డాక్టర్ దగ్గరికి రానంటున్నాడు.

తాగకుండా లివర్ ఇలా అవుతుందా? అయితే దేనివల్ల? ఇంకా ఏం టెస్టులు చేయించాలి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

తెల్లకోటు:
అవుతుందండీ, చాలామందికి అవుతుంది. నేను జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని. నా దగ్గరికి ఎస్‌జీపీటీ పెరిగిందని వచ్చేవాళ్లలో మందు జోలికి పోనివాళ్లే ఎక్కువ. మీ అన్నయ్యని చూడకుండా ఇదీ జబ్బు అని చెప్పలేను గానీ, మీరిచ్చిన వివరాలకి ముందు అనుమానించాల్సింది ఫ్యాటీ లివర్‌నే. ప్రపంచంలో పెద్దవాళ్లలో సుమారు 30 శాతం మందికి ఇది ఉంది. 2023లో దీనికి ఎంఏఎస్‌ఎల్‌డీ అని కొత్త పేరు పెట్టారు, రిపోర్టులో ఆ అక్షరాలు కనిపిస్తే కంగారు పడకండి, పాత జబ్బే.

జరిగేది ఏంటంటే, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు ఒంట్లో కొవ్వు నిల్వలు కరిగి రక్తంలోకి వస్తూ ఉంటాయి, అవన్నీ లివర్‌కి చేరతాయి. దానికి తోడు తీపి డ్రింకుల్లోని ఫ్రక్టోజ్‌ని లివర్ తానే కొవ్వుగా మార్చేస్తుంది. అలా కణాల్లో కొవ్వు పేరుకుంటుంది. కొందరిలో అది అక్కడితో ఆగుతుంది, కొందరిలో వాపు మొదలై ఏళ్ల తరబడి మచ్చ కడుతూ పోతుంది, మనం భయపడాల్సింది ఆ మచ్చ గురించే. లావుగా కనిపించకపోయినా రావచ్చు. ఆసియా వాళ్లలో బీఎంఐ 23 దాటినా, మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు దాటినా రిస్క్ ఉన్నట్టే లెక్క. బోర్డర్ షుగర్, పొట్ట రెండూ ఉన్నాయన్నారు కాబట్టి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు), బీపీ కూడా చూడాలి.

అలాగని "ఫ్యాటీ లివరే" అని తేల్చేసి ఊరుకోకూడదు. ప్రపంచంలో అది అంతమందికి ఉంది కాబట్టే, దాని వెనక ఇంకో జబ్బు ఉన్నా కనిపించకుండా పోతుంది. హెపటైటిస్ బీకి హెచ్‌బీఎస్ఏజీ, సీకి యాంటీ హెచ్‌సీవీ, ఈ రెండూ ఎప్పుడూ చేయించుకోకపోతే ఇప్పుడు తప్పకుండా చేయించండి. థైరాయిడ్, ఒంట్లో ఐరన్ ఎక్కువైందేమో చూసే ఫెర్రిటిన్‌తో పాటు ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ కూడా. ఫెర్రిటిన్ ఒక్కటే చూస్తే మోసపోతాం, ఫ్యాటీ లివర్‌లో అది ఊరికే పెరుగుతుంది. ఇవన్నీ చూశాక కూడా ఎంజైములు తగ్గకపోతే అప్పుడు ఆటోఇమ్యూన్ టెస్టులు, సెరులోప్లాస్మిన్ (ఒంట్లో రాగి పేరుకునే జబ్బుకి చేసే టెస్టు) లాంటివి.

ఇక తాగుడు విషయం. ఆల్కహాల్ వల్ల దెబ్బతిన్న లివర్‌లో మామూలుగా ఎస్‌జీఓటీ ఎక్కువ ఉంటుంది, చాలాసార్లు ఎస్‌జీపీటీకి రెండింతలు దాటుతుంది. మీ అన్నయ్యకి ఎస్‌జీపీటీనే ఎక్కువ. ఇదొక్కటే రుజువు కాదు గానీ మీ వదినగారికి చెప్పడానికి పనికొచ్చే మాటే. డాక్టర్ అలా అడగడం మాత్రం అనుమానంతో అనుకోకండి, లివర్ రిపోర్టు చేతికొస్తే ఎవరినైనా అడగాల్సిందే.

ఒక ప్రశ్న. ఆయన ఏమేం మింగుతున్నారు? బీపీ మాత్ర నుంచి జిమ్ పౌడర్ దాకా అన్నీ రాయండి.

కొత్తపేజీ:
మా అక్క సంగతి చెప్తానండీ, డాక్టర్ గారు ఆఖర్లో అన్న ఆటోఇమ్యూన్ మాట చూసి. మా అక్క మందు ముట్టనే ముట్టదు, సన్నగా ఉంటుంది, షుగర్ లేదు. ఎప్పుడూ నీరసం, కీళ్ల నొప్పులు. పని ఒత్తిడి అని, రక్తహీనత అని కొన్ని నెలలు అలాగే గడిచిపోయాయి. చివరికి కళ్లు పచ్చబడ్డాక టెస్టులు చేస్తే ఐజీజీ అనే యాంటీబాడీ బాగా ఎక్కువ, సొంత కణాల మీద పడే యాంటీబాడీలని చూసే ఏఎన్ఏ టెస్టు పాజిటివ్. బయాప్సీ చేసి ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అన్నారు, అంటే మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే లివర్ మీద పడటం. ఆడవాళ్లకే ఎక్కువ వస్తుందట. స్టెరాయిడ్‌తో మొదలుపెట్టి తర్వాత అజాథియోప్రిన్‌కి మార్చారు, ఇప్పుడు బాగుంది, మాత్ర మాత్రం ఆపకూడదు. ఆ పచ్చకామెర్లు వచ్చిన రోజుల్లో చుట్టాలంతా "ఏం తాగావే" అని అడుగుతుంటే అక్క గదిలోంచి బయటికి వచ్చేది కాదు. మీ అన్నయ్య ఎందుకు లేచి వెళ్లిపోతున్నాడో నాకు బాగా అర్థమవుతోంది. ఆయన మాట నమ్ముతున్నానని ముందు మీరు చెప్పండి.

వానచినుకు:
చాలా థాంక్స్ ఇద్దరికీ. కొత్తపేజీ గారూ, మీ మెసేజ్ చదివి రాత్రి అన్నయ్యతో మాట్లాడాను, కాస్త మెత్తబడ్డాడు. మందుల సంగతి అడిగితే బీపీ మాత్రలు లేవు. నడుం నొప్పి వచ్చినప్పుడు ఏదో పెయిన్ కిల్లర్. ఇంకోటి, పొట్ట తగ్గడానికని జిమ్‌లో ఎవరో చెబితే గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ క్యాప్సూల్స్ రోజూ వేసుకుంటున్నాడట. "ఆకు మందే కదా, దాని వల్ల ఏమవుతుంది" అంటున్నాడు. సీసా మీద రోజుకి రెండు అని ఉంది, ఈజీసీజీ అనే గ్రీన్ టీ పదార్థం ఒక్కోదాంట్లో 400 మిల్లీగ్రాములు.

తెల్లకోటు:
ఆ సీసా ఇవాళే పక్కన పెట్టించండి, పారేయకండి, డాక్టర్‌కి చూపించాలి.

మామూలు గ్రీన్ టీ తాగితే భయం లేదు. క్యాప్సూల్‌లో ఆ ఆకులోని పదార్థాన్నే గాఢంగా చేసి పెడతారు. రోజుకి 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ సప్లిమెంట్ రూపంలో తీసుకున్నవాళ్లలో లివర్ ఎంజైములు పెరుగుతున్నాయని యూరోపియన్ ఫుడ్ సేఫ్టీ అథారిటీ 2018లోనే చెప్పింది. మీ అన్నయ్య వేసుకుంటున్నది సరిగ్గా అంతే. ఆకు నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదు అనే నమ్మకం వల్ల ఎంతమంది లివర్లు పాడవుతున్నాయో చూస్తుంటే నిజంగా బాధేస్తుంది. అశ్వగంధ, తిప్పతీగ, పసుపు ఎక్స్‌ట్రాక్ట్ క్యాప్సూళ్లతో కూడా లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. కండల కోసం వాడే స్టెరాయిడ్లు సరేసరి. అందరికీ అలా కాదు, ఎవరికి అవుతుందో ముందుగా చెప్పలేం, ఇబ్బంది అక్కడే.

డాక్టర్ రాసిన మందులూ ఇందుకు మినహాయింపు కాదు. టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్, పైరజినమైడ్, ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్, కీళ్లకి మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకి అందుకే మధ్యమధ్యలో ఎల్‌ఎఫ్‌టీ (లివర్ రక్త పరీక్షలు) చేయిస్తాం. అమాక్సిసిలిన్ క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ అయితే కోర్సు అయిపోయిన కొన్ని వారాలకి కామెర్లు తెప్పించగలదు, అప్పటికి ఆ మందు వాడిన సంగతే మనిషికి గుర్తుండదు. అందుకే గత ఆరు నెలల్లో వాడినవన్నీ రాసుకుని వెళ్లమంటాను. అయితే డాక్టర్ రాసినవి మీ అంతట మీరు ఆపొద్దు, ముందు అడగండి.

ఆ పెయిన్ కిల్లర్ ఏదో చూడండి. డైక్లోఫెనాక్ అయితే అది కూడా లివర్ మీద పడొచ్చు. పారాసెటమాల్ అయితే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు హద్దు. జలుబు మాత్రల్లో, నొప్పి మాత్రల్లో అది కలిసే ఉంటుంది, మూడు రకాలు వేసుకుంటే తెలియకుండానే హద్దు దాటిపోతాం.

పచ్చికబయలు:
నాదో చిన్న మాట. ఆయన జిమ్‌కి వెళ్తున్నారు కదా, బ్లడ్ ఇచ్చే ముందు రోజు బరువులు ఎత్తారేమో కనుక్కోండి. గట్టిగా వ్యాయామం చేస్తే కండరాల నుంచి కూడా ఎస్‌జీఓటీ, కొంత ఎస్‌జీపీటీ వస్తాయి. నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, ఇలాంటివాళ్లకి సీపీకే అనే కండరాల ఎంజైము కూడా చూస్తే సంగతి తెలిసిపోతుంది. మళ్లీ టెస్టుకి వెళ్లే ముందు వారం రోజులు బరువులు ఆపమనండి.

వానచినుకు:
ముందు రోజు కాళ్ల వర్కవుట్ చేశాడట! అదీ రాసుకున్నాను. క్యాప్సూల్స్ ఆపేశాడు. వదినకి కూడా ఈ థ్రెడ్ చూపించాను, తనే అపాయింట్‌మెంట్ తీసుకుంటానంది. ఒక్కటే భయం అండీ, మచ్చ అన్నారు కదా, అది ఇప్పటికే మొదలైందో లేదో ఎలా తెలుస్తుంది? గ్రేడ్ 1 అంటే అదేనా?

తెల్లకోటు:
కాదండీ, అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ అనేది కొవ్వు ఎంత కనిపిస్తోందో చెప్తుంది, మచ్చ గురించి చెప్పదు. మచ్చకి ఫిబ్-4 అని ఒక లెక్క ఉంది: వయసుని ఎస్‌జీఓటీతో గుణించి, దాన్ని ప్లేట్‌లెట్లు ఇంటూ ఎస్‌జీపీటీ వర్గమూలంతో భాగించాలి. మీ అన్నయ్యకి 41 ఇంటూ 58 అంటే 2378. కింద 240 (2.4 లక్షల ప్లేట్‌లెట్లని వేలల్లో రాస్తే) ఇంటూ 9.8 (96 వర్గమూలం), అంటే 2352. దాదాపు 1 వచ్చింది. 1.3 లోపు ఉంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే వెంటనే స్పెషలిస్టుని కలవాలి, మధ్యలో ఉంటే లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ చేస్తారు. బరువులెత్తడం వల్ల ఎస్‌జీఓటీ పెరిగి ఉంటే అసలు అంకె ఇంకా తక్కువే ఉండొచ్చు.

క్యాప్సూల్స్ ఆపిన నాలుగు నుంచి ఆరు వారాలకి ఎల్‌ఎఫ్‌టీ మళ్లీ చేయించండి, హెపటైటిస్ టెస్టులు మాత్రం అంతదాకా ఆగక్కర్లేదు. ఈలోగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, వాంతులు ఆగకపోయినా అదే రోజు వెళ్లిపోవాలి. బరువు విషయంలో 5 శాతం తగ్గితేనే లివర్‌లో కొవ్వు తగ్గుతుంది, వాపు కూడా తగ్గాలంటే 7 నుంచి 10 శాతం దాకా తగ్గాలి. ఏ క్యాప్సూలూ లేకుండా, మెల్లగా. కాఫీ అలవాటుంటే మానక్కర్లేదు, చక్కెర తగ్గించుకుంటే చాలు. రిపీట్ రిపోర్టు వచ్చాక ఇక్కడే పెట్టండి, చూస్తాను.